ముళ్ళు రాలిన పురుగు

జూన్ 9, సోమవారం
ఇంటి నుంచి

వదినకి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమంగా లేవని తలుస్తూ, ఆ సంతోషంతోనే ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

ఇన్నేళ్ళ తరవాత నా చేతిరాత కనబడేసరికి కవరు ముందు వెనక్కి తిప్పి చూస్తావు. నీ అలవాటు నాకు తెలుసు. పత్రికైనా అంతే, చివరి పేజీ నుంచి తిరగేస్తావు. అందుకని ఈ నెల పత్రికలో నా వ్యాసం ఈపాటికి నీ కంటపడే ఉంటుంది. దాన్ని వాళ్ళు చివర్లోనే వేశారు. పడకపోతే ఇప్పుడే తీసి చూడు. బొమ్మల పేజీ దగ్గర కాస్త ఆగు. కుడివైపున ఉన్నది నువ్వు గీసిన బొమ్మ. ఒక్క గీత కూడా మార్చకుండా నీ పాత వ్యాసంలోంచి తీసి వేయించాను. ఎడమవైపుది నాది. రెండూ ఒకే పురుగని చెప్పడానికి చదువు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు.

నిన్ను వదినా అని పిలవడం అమ్మ నేర్పింది. అంతకుముందు నువ్వు నాకు ఉత్త 'ఒసేయ్'వే. ఒకే గదిలో, ఒకే సింకు దగ్గర, ఒకే సబ్బుముక్కతో చేతులకంటిన కప్ప వాసన కడుక్కున్నవాళ్ళం. మ్యూజియంలో పరాన్నజీవుల విభాగమంటే దారితప్పినవాళ్ళు తప్ప ఎవరూ రాని గది. సీతాకోకచిలుకలవాళ్ళు మన బల్ల దగ్గర కూర్చుని అన్నం తినేవాళ్ళు కాదు, గుర్తుందా? చేప మొప్పల్లో, కప్ప పేగుల్లో, పాము కడుపులో దాక్కున్న పురుగుల్ని బయటికి తీయడం, అంతకుముందు ఎవరూ చూడనివైతే బొమ్మ గీసి, కొలతలు రాసి, పేరు పెట్టి లోకానికి చెప్పడం. అదీ మన ఉద్యోగం. "మీరిద్దరూ పురుగులకి మేనత్తలే" అని అన్నయ్య ఏడిపించేవాడు.

అన్నయ్య నీకు తగిలింది కూడా ఆ గదిలోనే కదా. తన మందుల షాపు నుంచి మనకి స్పిరిట్టు సీసాలూ ఫార్మలిన్ డబ్బాలూ తెచ్చి ఇచ్చేవాడు. ఆ ఫార్మలిన్ ఘాటుకి ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగితే అదే ప్రేమనుకున్నారని ఇంట్లో నేనే అందరికీ చెప్పి నవ్వించేదాన్ని. మీ పెళ్ళికి అమ్మ దగ్గర వకాల్తా పుచ్చుకున్నది నేను. నా స్నేహితురాలు నా ఇంటికే వస్తోందని ఎగిరి గంతేసింది కూడా నేనే. ఆ గంతులు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళుమంట.

సరే, పాము సంగతికి వస్తాను. నీకు తెలియనిది అదే కాబట్టి తీరిగ్గా చెప్తాను.

నువ్వు మీ చెల్లెలి కాన్పుకని పుట్టింటికి వెళ్ళిన రోజులు. ఊరి చివర చిత్తడిలో చేపలు పట్టే ముసలాయన, తన వలలో చిక్కుకుని చచ్చిపోయిన నీటిపాముని గోనెసంచిలో వేసుకొచ్చి ఇచ్చాడు. నేనొక్కదాన్నే కోశాను. కడుపులో కప్ప ఉంది. వదినా, ఈ మాట ఇంకోసారి చదువుకో. కడుపులో కప్ప ఉంది. సగం అరిగిపోయింది కానీ వెనక కాళ్ళు చూస్తే ఇంకా కప్పే. దాని పక్కన జిగురులో సన్నటి ఆకుల్లాంటి చప్పటి పురుగులు. కడిగి, రంగు పట్టించి, స్లైడ్లు చేసి చూశాను. వాలకమంతా కప్పల పేగుల్లో ఉండే ముళ్ళమెడ పురుగుదే. అందరికీ ఏనాటి నుంచో తెలిసిన పురుగే. కానీ మెడ చుట్టూ ఉండాల్సిన ముళ్ళ వరస మాత్రం లేదు, నున్నగా ఉంది. ఇది నిజంగా కొత్తదా? లేక కప్పతోపాటు పాము కడుపులో పడి, ఆ రసానికి ముళ్ళు రాల్చుకున్న పాతదేనా? అది తేలేదాకా ఎవరితోనూ అనకూడదనుకున్నాను. స్లైడు చీటీ మీద 'నీటిపాము, కడుపు' అని రాసి పెట్టెలో పెట్టేశాను. కప్ప మాట రాయలేదు. నా బుర్రలో ఉందిగా, చాలనుకున్నాను.

ఆ వారమే నాకు పచ్చకామెర్లు వచ్చాయి. మంచం దిగి, కాళ్ళు కూడదీసుకుని మ్యూజియానికి వెళ్ళేసరికి పెట్టె లేదు. బీరువా అంతా వెతికాను, బల్లల కింద దూరి వెతికాను. చివరికి అన్నయ్య షాపుకి వెళ్ళాను.

"నా స్లైడ్ల పెట్టె చూశావా అన్నయ్యా?" అన్నాను.

ఎవరిదో మందుల చీటీ చదువుతున్నాడు. తల ఎత్తలేదు. "మీ వదిన తీసుకున్నట్టుందే" అన్నాడు. "దాని ఉద్యోగం సంగతి నీకు తెలుసు కదా. నీకేం, బోలెడు పురుగులు. ఒకటి పోతే పోనీ. అడిగి రభస చెయ్యకమ్మా, అమ్మ బెంగపెట్టుకుంటుంది."

నీ ఉద్యోగం సంగతి నాకు తెలియకపోవడమేమిటి? అది పర్మినెంటు కాదని, కొత్త పురుగు మీద వ్యాసం ఒక్కటైనా రాయకపోతే ఇంటికి పంపించేస్తారని మన విభాగం పెద్దాయన నీతో అన్నప్పుడు పక్కనే ఉన్నాను. సింకు దగ్గర నువ్వు ఏడుస్తుంటే కుళాయి పెద్దగా తిప్పింది నేనే, బయటికి వినపడకూడదని. నువ్వు నోరు తెరిచి అడిగి ఉంటే ఆ పెట్టె నీ చేతిలో పెట్టేదాన్ని వదినా. కప్ప సంగతి కూడా చెప్పి పెట్టేదాన్ని. అడగకుండా పట్టుకుపోయావు కాబట్టి పురుగు నీ దగ్గరికి వచ్చింది, కప్ప నా దగ్గరే ఉండిపోయింది.

తరవాత నీ వ్యాసం అచ్చయింది. కొత్త జాతి కూడా కాదు, ఏకంగా కొత్త ప్రజాతి అన్నావు. అంటే పురుగుకి పేరే కాదు, ఇంటిపేరు కూడా కొత్తదే. దాని ప్రత్యేక లక్షణం ఏమిటయ్యా అంటే మెడ చుట్టూ ముళ్ళు లేకపోవడం! ఆ వాక్యం దగ్గర నేను పడీపడీ నవ్వాను. పళ్ళసెట్టు తీసి పక్కనపెట్టుకున్న తాతగారిని చూసి, బోసినోటి మనుషుల కొత్త జాతి దొరికిందని చాటింపు వేసినట్టుంది. బొమ్మ మాత్రం అద్భుతంగా గీశావు. నిజం ఒప్పుకోవాలి, నీ చెయ్యి నాకు రాదు. తప్పుడు పురుగుని అంత ముద్దుగా గీసినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు.

ఆ అచ్చుకాగితాలు పట్టుకుని నువ్వు మా ఇంటికి వచ్చిన రోజు గుర్తుందా? తలుపు తీశాను. నీ కళ్ళల్లో నీళ్ళు. "నీవల్లే ఇదంతా" అని కాగితాలు నా చేతిలో పెట్టావు. దొంగతనం చేసినవాళ్ళు సొమ్ముగలవాళ్ళ గుమ్మంలోకి వచ్చి ఇంత ధైర్యంగా వెక్కిరించడం నేనెక్కడా వినలేదు. మొసళ్ళ కడుపులో పురుగుల మీద ఏళ్ళ తరబడి పనిచేసినదాన్ని, మొసలి కన్నీళ్ళు పోల్చుకోలేనా? కాగితాలు తీసుకుని, నీ మొహం మీదే తలుపు వేశాను. నువ్వు బయట చాలాసేపు నిలబడ్డావు. తలుపు కింద నీ నీడ కదలకుండా ఉంటే లోపల నిలబడి చూస్తూనే ఉన్నాను.

ఆ రోజే లోకానికి కప్ప సంగతి చెప్పేసేదాన్ని. నిన్ను కాపాడింది ఎవరో తెలుసా? అమ్మ.

నీ ప్రజాతికి అమ్మ పేరు పెట్టావు. నీ అత్తగారి పేరు. నా నోరు మూయించడానికి అంతకంటే మంచి ఎత్తు ఉండదని నాకు తెలియదనుకున్నావా? ఆ పేజీ అమ్మకి చదివి వినిపించింది కూడా నువ్వే. "నా పేరు పురుక్కా పెట్టావే?" అని అమ్మ ముందు మొహం చిట్లించిందట. తరవాత కళ్ళజోడు తెప్పించుకుని, బొమ్మ మీద వేలుపెట్టి తడిమి, "నా మెడలాగే ఉంది, గొలుసు లేకుండా బోసిగా" అని ఒకటే నవ్విందట. ఇక చూడు. పాలవాడికి చెప్పింది, ఎదురింటి వాళ్ళకి చెప్పింది, ఇంజెక్షను చెయ్యడానికి వచ్చిన నర్సుకి చెప్పింది. "మా కోడలు నా పేరు పుస్తకాలకి ఎక్కించింది, నేను పోయినా అది ఉంటుందట" అని. కడుపున పుట్టినదాన్ని, నేను పక్కనే కూర్చుని తలూపుతూ వినేదాన్ని. నాతో కూడా అనేది, "నువ్వెన్ని పురుగులు చూశావు, ఒక్కదానికైనా నా పేరు పెట్టావుటే?" అని.

అందుకని ఆగాను. మ్యూజియం వదిలేసి కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఉద్యోగంలో చేరాను. నీతో ఒక గదిలో గాలి పీల్చడం నా వల్ల కాలేదు. నీ ఉద్యోగం పర్మినెంటు అయింది, పెద్దాయన రిటైరయ్యాక ఆయన కుర్చీ నీదయింది. చూడడానికి వచ్చేవాళ్ళ కోసం ముందు హాల్లో నీ పురుగు బొమ్మని ప్లాస్టరుతో బారెడు పొడవు చేయించి పైకప్పుకి వేలాడదీశారు. ఒకసారి మా విద్యార్థుల్ని తీసుకొచ్చినప్పుడు దాని కిందే నిలబడ్డాను. "ఇది పాము కడుపులో ఉంటుందా మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది. "అని ఇక్కడ రాశారు" అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. నా ఓపికని నేనే మెచ్చుకోవాలి.

పోయిన ఏడాది అమ్మ పోయింది. అన్నయ్య ఇంట్లో నువ్వు ఆ గోడకి, నేను ఈ గోడకి ఆనుకుని కూర్చున్నాం. వచ్చినవాళ్ళు ఇద్దర్నీ వేరువేరుగా ఓదార్చి వెళ్ళారు. నేను ఏడుస్తూనే ఇంకో లెక్క కూడా వేసుకుంటున్నాను. ఇక నాకు అడ్డెవరూ లేరని.

తరవాతి వానాకాలం నేను చిత్తడిలోనే గడిపాను. మోకాళ్ళదాకా బురద, ఒంటినిండా దోమకాట్లు. అక్కడి కప్పల్లో ఎక్కడ చూసినా ముళ్ళమెడ పురుగే. కప్పని మింగని నీటిపాముల్లో అది ఒక్కటి కూడా లేదు. ఒకరోజు పొద్దున్నే కప్పలోంచి తీసిన పురుగుల్ని, ముళ్ళన్నీ సక్రమంగా ఉన్నవాటిని, గాజుగిన్నెలో పాము కడుపు రసంలో వేసి కిటికీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. అన్నం కూడా తినలేదు. ముళ్ళు మెల్లగా వదులయ్యాయి. పక్కకి వాలాయి. ఒక్కొక్కటే రాలి, గడ్డం గీసుకున్నాక పళ్ళెంలో మిగిలిన వెంట్రుకల్లా గిన్నె అడుగున పడ్డాయి. మైక్రోస్కోపులో నున్నటి మెడతో నీ పురుగు తేలింది. అచ్చం నువ్వు గీసినట్టే. ఖాళీ గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

అదీ నా వ్యాసం. చివరి వాక్యం నీకు కంఠతా వచ్చేదాకా చదువుకో. నీ ప్రజాతి చెల్లదని, అది పాత పురుగుకే పొరపాటున పెట్టిన మరో పేరని రాశాను. ఒక్క చోట మాత్రం కలం ఆగింది. ఒకసారి చెల్లకుండా పోయిన ప్రజాతి పేరుని మళ్ళీ ఇంకే జంతువుల ప్రజాతికీ పెట్టకూడదని మన శాస్త్రంలో నియమం. అంటే అమ్మ పేరు ఇక ఎప్పటికీ చెల్లని పేర్ల జాబితాలోనే ఉంటుంది. ఆ పేజీ ముందు పెట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాను. తరవాత, అమ్మ పేరుని దొంగసొమ్ముకి తగిలించింది నువ్వు, నేను కాదని సర్దిచెప్పుకుని పంపేశాను.

ఇప్పుడు చెప్పు. ఆ ప్లాస్టరు పురుగుని ఎవరు దించుతారు? నిచ్చెన నువ్వే వేసుకుంటావా? సీతాకోకచిలుకలవాళ్ళు పరామర్శకి వచ్చారా? మొత్తం మ్యూజియానికే నిన్ను అధికారిని చేస్తారని విన్నాను. అది తేల్చే కమిటీవాళ్ళకి పత్రిక విడిగా నేనే పంపాను, చేరదేమోనని.

నాకు జవాబు రాయనక్కర్లేదు. క్షమాపణ అసలే వద్దు. నువ్వు ఆ రోజు నా గుమ్మం బయట నిలబడ్డంతసేపు, ఈ ఉత్తరం పట్టుకుని నిలబడితే చాలు.

ఇట్లు,
ఏదీ మరిచిపోని
నీ ఆడపడుచు

తా.క.: ఇది వేరే కాగితం మీద రాస్తున్నాను. కవరు అంటించి, పోస్టులో వేద్దామని దిగుతుంటే మెట్ల మీద అన్నయ్య ఎదురయ్యాడు. పట్టపగలు షాపు మూసేసి వచ్చాడు. కాళ్ళకి ఒక చెప్పు తనది, ఒకటి నీది.

"మీ వదిన పత్రిక చూసింది" అన్నాడు.

"నన్ను తిట్టిందా?" అన్నాను, ఆశగా.

"లేదు. ఒక్క మాటే అడిగింది. 'మీ చెల్లెలు తనంతట తను ఇచ్చినదాన్ని, ఇన్నాళ్ళకి మళ్ళీ ఎందుకు లాక్కుంది?' అని."

నాకు అర్థం కాలేదు. "నేనెప్పుడిచ్చాను?" అన్నాను. అన్నయ్య మెట్టు మీద కూలబడ్డాడు. నువ్వు తియ్యలేదట వదినా. నేను కామెర్లతో పడుకుని ఉండగా స్పిరిట్టు సీసాలు దింపడానికి వెళ్ళి, పెట్టె తనే తీశాడట. పుట్టింటి నుంచి తిరిగొచ్చిన నీ చేతిలో పెట్టి, "చెల్లి నీకిమ్మంది. తన పేరు ఎక్కడా రావద్దంది. ఈ సంగతి ఎత్తితే చిన్నబుచ్చుకుంటుంది, ఎత్తకు" అన్నాడట. నాతో ఏమన్నాడో కవరులోని ఉత్తరంలో రాశాను. నీకో అబద్ధం, నాకో అబద్ధం. మధ్యలో కూర్చుని రోజూ మందులు అమ్ముకున్నాడు. ఎందుకు చేశావంటే ఏమన్నాడో, సరిగ్గా ఆయన మాటల్లోనే రాస్తాను: "దాని ఉద్యోగం నిలబడితే చాలనుకున్నానే. మీరిద్దరూ నాలుగు రోజులకి మాట్లాడేసుకుంటారనుకున్నాను. తరవాత చెప్పడానికి భయమేసింది."

నువ్వు నా గుమ్మంలో అన్న మాట వెటకారం కాదని నాకు ఇప్పుడు తెలిసింది. అమ్మ పేరు ఎందుకు పెట్టావో ఇప్పుడు తెలిసింది. నా పేరు పెట్టడానికి వీల్లేక పెట్టావు.

వ్యాసం వెనక్కి తీసుకోలేను. అందులో అబద్ధం లేదు, పురుగు కప్పదే. అమ్మ పేరు పోయింది, దాన్ని మనిద్దరం కలిసి కూర్చున్నా తిరిగి తేలేం. కమిటీకి మాత్రం నిజం రాస్తాను. ఆ స్లైడ్లు నేనే ఇచ్చాననుకుని నువ్వు తీసుకున్నావని, కప్ప మాట నీకెవరూ చెప్పలేదని, చెప్పాల్సింది నేనేనని. కవరులోని ఉత్తరం చింపెయ్యాలనుకున్నాను, మనసొప్పలేదు. ఇన్నేళ్ళూ నిన్ను ఏమనుకున్నానో నీకు తెలియాలి. చదివాక నువ్వేమంటే అది పడతాను.

కానీ వదినా, కసి తీరలేదు. కసి తీర్చుకోవాల్సిన మనిషి మారాడంతే. ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు, అన్నయ్య చేతికే ఇస్తున్నాను. కవరు నీకివ్వాలి, ఈ కాగితం మాత్రం గుమ్మంలో నిలబడి, తన నోటితో, మొదటి నుంచి చివరిదాకా నీకు చదివి వినిపించాలి. అలా అయితేనే నేను ఇక ఆయనకి చెల్లెల్ని. కాబట్టి ఈ మాటలు నువ్వు అన్నయ్య గొంతులోనే వింటూ ఉండాలి. వెంట నేనూ వచ్చాను, మీ మెట్ల కింద నిలబడి ఉన్నాను. పిలిస్తే పైకి వస్తాను. పిలవకపోతే వెళ్ళిపోతాను, నిన్ను తప్పుపట్టను.

మధ్యలో గొంతు ఎండిపోయిందని మంచినీళ్ళు అడుగుతాడు. ఇవ్వకు. మళ్ళీ మొదటి నుంచి చదవమను, ఈసారి కింద నాకు కూడా వినపడేలా.